నోటిలో బియ్యము, నుదుట నాణెము

మా నెల్లూరు తీరపుటూళ్ళలో శవము పాడె నెక్కేముందు బంధువులు వరుసగా వచ్చి నోటిలో నాలుగు బియ్యపుగింజలు వేస్తారు. పొరుగున తమిళులు దీనిని ‘వాయ్క్కరిసి’ అంటారు. వాయ్ అంటే నోరు, అరిసి అంటే బియ్యము. ‘వాయి’ మనకూ పరాయిమాట కాదు. పెదవికి ‘వాతెఱ’ అన్న పేరు దానినుండి పుట్టినదే. ఇక నుదుట ఒక రూపాయి నాణెము. దారిఖర్చు అని మా పెద్దలు చెప్పేవారు.

ప్రాచీన గ్రీకులు మన వైతరణివంటి నదిని దాటించే పడవవాని కూలికని మృతుని నోట నాణెముంచేవారు. రోమనులూ ఆ ఆచారము పాటించారు. 1786లో నెల్లూరు దగ్గర పొలము దున్నుతున్న రైతుకు ఒక కుండలో రోమను బంగారు నాణెములు దొరికాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలపువి. అయితే అవి గుడి శిథిలముల క్రింద దొరికినవి. ఎవరో దాచుకొన్న ధనమే గాని సమాధిసొమ్ము కాదు. వాటిలో చాలాభాగము కరిగిపోయింది.

సమాధిసొమ్ము చూడాలంటే బృహచ్ఛిలాయుగానికి పోవాలి. జనము రాక్షసగుళ్ళనీ పాండవగుళ్ళనీ పిలిచేవి నిజానికి ఆనాటి సమాధులు. ఏలేశ్వరము, నాగార్జునకొండ త్రవ్వకాలలో (ఆ రెండుచోట్లూ ఇప్పుడు సాగరు నీటి పాలు) ఎఱుపు నలుపు కుండలు, ఇనుప ఆయుధములు బయటపడ్డాయి. కడప జిల్లా శంఖవరములో దొరికిన మట్టి శవపేటిక పొట్టేలి ఆకారములో ఉంటుంది. చెన్నై మ్యూజియములో ఉన్నది. వ్రాత మిగల్చని ఆ జనుల నమ్మకమేమిటో కుండలే చెప్పాలి. చచ్చినవానికీ ఆకలి ఉంటుందని వారనుకొన్నట్లు నాకు తోస్తుంది. నిధులకని ఆ రాళ్ళు పెకలించే మూర్ఖులకు పెంకులు దొరుకుతాయి, మనకు చరిత్ర పోతుంది.

ఋగ్వేదము పదవ మండలము పదునెనిమిదవ సూక్తములో దీనికి ఎదురుదారి కనిపిస్తుంది. అక్కడ మృతుని చేతి విల్లును బ్రతికినవారు తమ బలముకొరకు తీసుకొంటారు. వీరశైవులు మాత్రము కూర్చుండబెట్టిన శవము చేతిలో ఇష్టలింగమునుంచి పూడుస్తారు. ముస్లిములు కఫను గుడ్డ తప్ప ఏమీ పెట్టరు.

మా అమ్మ పోయిననాడు ముక్కుపుడక ఊడి రాలేదు. ఉండనిద్దామన్నాను. మా మేనత్త కొబ్బరినూనె రాచి, మెల్లగా త్రిప్పి తీసి నా చేతిలో పెట్టి, “వదినకిక బంగారమెందుకురా, బియ్యము చాలు” అన్నది. ఆమె వేదము వినలేదు. ఆ పుడక ఇప్పటికీ మా పెట్టెలోనే ఉన్నది, ఎవరూ పెట్టుకోలేదు.