పనికిరాదనుకున్న వంతెన

మెదడు రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ దేనికి పనికొస్తుంది? గత శతాబ్దం నడుమ నాడీశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నకు చమత్కారాలతో సరిపెట్టారు. మూర్ఛను ఈ పక్కనుంచి ఆ పక్కకు చేరవేయడానికే అన్నాడు వారెన్ మెక్‌కలక్. రెండు సగాలూ జారిపోకుండా ఆపడానికేమో అన్నాడు కార్ల్ లాష్లీ. దాదాపు 20 కోట్ల నాడీతంతువులున్న కట్టకు దక్కిన గౌరవం అంతే.

ఆ పరిహాసం ఊరికే పుట్టలేదు. న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో విలియం వాన్ వాగెనెన్ పదిమంది మూర్ఛరోగులకు ఈ కట్టను కోసి, ఆ వివరాలు 1940లో ప్రచురించాడు. ఆయన రోగులను ఆండ్రూ అకెలైటిస్ పరీక్షించి చూశాడు. చూపు, మాట, తెలివి, దేంట్లోనూ చెప్పుకోదగ్గ లోపం కనబడలేదు.

అయితే ఈ కట్టకు పని ఉందనడానికి ఆధారం ఒకటి అప్పటికే అచ్చులో ఉంది. పారిస్ వైద్యుడు జూల్ డెజెరీన్ 1892లో ఒక వింత రోగి సంగతి రాశాడు. ఆ పెద్దమనిషికి ఉన్నట్టుండి చదువు పోయింది, రాత పోలేదు. చెప్పింది చక్కగా రాసేవాడు, తాను రాసిందే చదవలేకపోయేవాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ వెనకభాగమూ, కార్పస్ కలోసమ్ వెనక కొసా దెబ్బతిని ఉన్నాయి. ఆ కొసకు స్ప్లీనియం అని పేరు. అక్షరాలు కుడి అర్ధగోళానికి కనిపిస్తున్నాయి, భాష ఎడమవైపు ఉంది, నడుమ దారి తెగింది.

మరి రోచెస్టర్ రోగుల్లో లోపం ఎందుకు బయటపడలేదు? చాలామందిలో కోత పూర్తిగా సాగకపోవడం ఒక కారణం. కంటి అమరిక మరొకటి. ప్రతి కన్నూ రెండు అర్ధగోళాలకూ సమాచారం పంపుతుంది. చూపు నిలిపిన బిందువుకు ఎడమన ఉన్నది కుడి అర్ధగోళానికి, కుడిన ఉన్నది ఎడమ అర్ధగోళానికి చేరుతుంది. తీరిగ్గా కళ్లు తిప్పి చూసే మనిషికి రెండువైపులా అన్నీ అందుతాయి. లోపం ఉన్నా తెలియదు.

ఈ చిక్కుముడిని 1950లలో షికాగో విశ్వవిద్యాలయంలో రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు రొనాల్డ్ మైయర్స్ పిల్లుల మీద ప్రయోగాలతో విప్పారు. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే కూడలిని కోస్తే, ఒక్కో కన్ను తన పక్క అర్ధగోళానికే సమాచారం పంపుతుంది. అలాంటి పిల్లికి ఒక కన్ను మూసి ఆకారాల తేడా నేర్పితే, రెండో కంటితోనూ గుర్తుపట్టింది. కార్పస్ కలోసమ్ కూడా కోశాక మాత్రం రెండో కంటికి పాఠం మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. చూసి నేర్చుకున్నది అవతలికి చేరేది ఈ దారినేనని తేలింది.

మనుషుల వంతు 1962లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్ దళ సైనికుడైన ఒక మూర్ఛరోగికి జోసెఫ్ బోగెన్, ఫిలిప్ వోగెల్ లాస్ ఏంజిలస్‌లో ఈ కట్టను కోసే శస్త్రచికిత్స చేశారు. అప్పటికి స్పెర్రీ కాల్‌టెక్‌కు మారాడు. అక్కడి విద్యార్థి మైకేల్ గజానిగా ఆ రోగిని తెర మధ్య బిందువు మీద చూపు నిలపమని చెప్పి, కళ్లు కదిలే వ్యవధి ఇవ్వకుండా ఒక పక్క బొమ్మను తళుక్కున చూపించి తీసేశాడు. కుడివైపు మెరిసినదాని పేరు రోగి చెప్పాడు. ఎడమవైపు మెరిస్తే ఏమీ కనబడలేదన్నాడు, కానీ కుడి అర్ధగోళం నడిపే ఎడమచెయ్యి చూసినట్టు సంకేతం ఇచ్చింది. తర్వాతి రోగుల్లో మరో చిత్రం: ఎడమవైపు చెంచా బొమ్మ చూపిస్తే నోరు పేరు చెప్పలేదు, ఎడమచెయ్యి మాత్రం తెరచాటున తడిమి చెంచానే పట్టుకుంది.

ఈ కృషికి స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. తక్కిన సగం పంచుకున్న డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ కూడా చూపు మీద పనిచేసినవాళ్లే. ఇప్పటికీ మందులకు లొంగని మూర్ఛ కొన్నిటికి ఈ శస్త్రచికిత్స చేస్తున్నారు. చాలాసార్లు ముందువైపు మూడింట రెండు వంతులే కోసి, చూపు సమాచారం దాటే స్ప్లీనియంను వదిలేస్తారు.