కంచె కట్టినా దక్కని సీతాకోకచిలుక



చీమలు కట్టుకున్న పుట్టలో పాము చేరే సామెత మనందరికీ తెలుసు. ఈసారి చీమల గూట్లో చేరే ఒక సీతాకోకచిలుక చరిత్ర చెప్పుకుందాం. ఇది మన ఏజెన్సీది కాదు, ఇంగ్లండుది. అయినా చివరిదాకా చదవండి, మన సంగతి కూడా అందులో ఉంది.

దాని పేరు లార్జ్ బ్లూ. నీలి రెక్కలు. థైమ్ అనే వాసన మొక్క మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు మూడు వారాలు ఆ పూలు తిని నేల మీదికి రాలిపోతుంది. దాని వాసన అచ్చం చీమ పిల్లల వాసనలా ఉంటుంది. ఎర్రచీమ ఒకటి వచ్చి, మా పిల్లే బయటపడిపోయింది అనుకుని గూట్లోకి మోసుకుపోతుంది. లోపల అది రాణిచీమలాగా చప్పుడు కూడా చేస్తుంది. చీమలు మర్యాద చేస్తుంటే, అది దాదాపు పది నెలలు చీమ పిల్లల్నే తిని పెరుగుతుంది. ఈ గుట్టు 1915 ప్రాంతంలో బయటపడింది.

అప్పటికే ఈ సీతాకోకచిలుక తగ్గిపోతోంది. తప్పంతా పట్టుకుపోయేవాళ్లదే అనుకున్నారు. కొన్నిచోట్ల చుట్టూ కంచె కట్టారు. మనుషులు ఆగారు, వాళ్లతోపాటు పశువులూ ఆగాయి. అయినా సీతాకోకచిలుక దక్కలేదు. 1950ల్లో రోగమొచ్చి కుందేళ్లు కూడా చచ్చిపోవడంతో గడ్డి ఇంకా పెరిగింది. 1979లో అది బ్రిటన్‌లో పూర్తిగా అంతరించింది.

కారణం జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఏళ్ల తరబడి ఆ కొండవాలుల్లోనే ఉండి చూశాడు. ఈ పురుగు బాగా బతికేది ఒకే ఒక్క జాతి ఎర్రచీమ గూట్లో. ఆ చీమకు నేల వెచ్చగా ఉండాలి. పశువులు, కుందేళ్లు మేసి గడ్డి పొట్టిగా ఉంటేనే ఎండ నేలకు తగులుతుంది. గడ్డి పెరిగితే నేల చల్లబడి ఆ చీమ పోతుంది, వేరే చీమ వస్తుంది. అంటే కాపాడ్డానికి కట్టిన కంచే గూటిని ఖాళీ చేసింది.

తర్వాత మళ్లీ పశువుల్ని తోలారు. 1983లో స్వీడన్ నుంచి పురుగుల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు నైరుతి ఇంగ్లండులో అవి మళ్లీ ఎగురుతున్నాయి.

మేపితే ఎక్కడైనా మంచిదే అని మేం అనట్లేదు. అక్కడ కూడా ఎప్పుడు మేపాలి, ఎంత మేపాలి అని లెక్క చూసుకునే మేపారు. మేం అనేది ఒక్కటే: లోపల ఏముందో తెలుసుకోకుండా, ముందు మనిషిని, మేకని బయటికి పంపడం రక్షణ కాదు.

మన పెద్దలు పశువులు తోలుకుపోయే దారికి అడ్డంగా కందకం తవ్వినప్పుడు మనకు మాట రావట్లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో మేత సామూహిక హక్కు. అడవిని, జీవాల్ని కాపాడే అధికారం కూడా గ్రామసభకు అదే చట్టం ఇచ్చింది. ఆ సభలో మాట్లాడాలంటే మన దగ్గర లెక్క ఉండాలి.

అందుకే ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పెద్దల్ని అడగండి. ఏ నెలలో ఎక్కడ మేపేవాళ్లు, ఏ జాగా వదిలేసేవాళ్లు, ఏ పుట్ట తవ్వొద్దనేవాళ్లు, ఎందుకు? విన్నది విన్నట్టు రాసుకు రండి.