అమ్మీటరు ముల్లు

చోడవరంలో మా నాన్న గోవాడ షుగరు ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల్లో కొన్న బుల్లెట్టు ఇది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక దశాబ్దాల పాటు ఈ రకం బండికి ప్రాణం, స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్లే. స్టార్టు కాకపోతే ముందు హెడ్‌లైటు మీద కరెంటు రాకపోకలు చూపే అమ్మీటరు చూడాలి. తాళం తిప్పి కిక్కు మెల్లగా తొక్కితే, పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, విడినప్పుడు మధ్యకొస్తుంది. కదల్లేదా, బ్యాటరీ వైరన్నా వదులు, పాయింట్లకు మసన్నా పట్టింది. మా బండి బాగుచేసే మేస్త్రి గరుకు కాగితంతో ఆ మసి తీసి, నాలుగు గడ్డం బ్లేడ్లు కలిపి సందు కొలిచేవాడు. ఒక్కోటీ 0.1 మిల్లీమీటరు, కావలసింది 0.4 లోపే! ఆ చేతులకు దండం పెట్టాలి. ముల్లు మధ్యకు రాగానే సిలిండరు ఒత్తిడి వదిలే డీకంప్రెషరు నొక్కి పిస్టన్ను కాస్త దాటించి, ఒక్క తొక్కు. మొన్నటి ముసురులో నేనూ అలాగే తొక్కాను. అందుకుంది.