సంక్రాంతి జారుతోంది: మన పండుగ తేదీల వెనకున్న లెక్క

ఈరోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. స్వామి వివేకానంద పుట్టినరోజు ఎప్పుడు? జనవరి 12. యువజన దినోత్సవం కాబట్టి స్కూలు పిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు. ఆయన కలకత్తాలో పుట్టింది 1863లో. ఆ రోజుకి ఇంకో విశేషం కూడా ఉంది. ఆ రోజు మకర సంక్రాంతి.

జనవరి 12న సంక్రాంతి ఏంటి? మనకి 14న కదా వచ్చేది, లేదంటే 15న కదా! అదే ఇవాళ్టి టాపిక్. 160 ఏళ్లలో పండుగ రెండు మూడు రోజులు ఆలస్యమైపోయింది. ఎవరూ మీటింగ్ పెట్టి మార్చలేదు, జీవో ఇవ్వలేదు. దానంతట అదే జారింది, ఇంకా జారుతూనే ఉంది. కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాణ్ణి కదా, డేట్ దగ్గర తేడా కనబడితే ఊరుకోలేను. లాగ్స్ తవ్వాల్సిందే. ఇక్కడ లాగ్స్ అంటే చరిత్ర.

ముందు మన పండుగల్లో రెండు రకాలున్నాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి సూర్యుడి లెక్క. సంక్రాంతి అలాంటిది, సూర్యుడు మకర రాశిలోకి అడుగుపెట్టే రోజు. రెండోది చంద్రుడి లెక్క. ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి అన్నీ తిథులతో వచ్చేవే. అందుకే సంక్రాంతి దాదాపు ఒకే తేదీన కూర్చుంటుంది, ఉగాది మాత్రం 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది.

చంద్రుడి లెక్కలో ఒక చిక్కుంది. 12 చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. ఏటా 11 రోజులు తక్కువ పడతాయి. ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో బతుకమ్మని చూస్తే అర్థమవుతుంది. బతుకమ్మకి పువ్వులు కొనుక్కొచ్చేది తక్కువ, వానాకాలం వెళ్తూ వెళ్తూ పొలం గట్ల మీద వదిలి వెళ్లిన గునుగు, తంగేడు కోసుకొచ్చి పేర్చేదే ఎక్కువ. ఏటా 11 రోజులు వెనక్కి జరిగితే పదహారేళ్లలో బతుకమ్మ ఏప్రిల్ ఎండల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు గునుగు పువ్వు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే మన పాతవాళ్లు ఒక ప్యాచ్ వేశారు. దాని పేరు అధిక మాసం. 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల అదనంగా కలుపుతారు. మొన్నటి ఉదాహరణే చూడండి. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య 2021లో అక్టోబర్ 6న వచ్చింది, 2022లో సెప్టెంబర్ 25న వచ్చింది. అదే వరసలో అయితే 2023లో సెప్టెంబర్ మధ్యలో రావాలి. కానీ ఆ ఏడాది అధిక శ్రావణం పడింది కాబట్టి అక్టోబర్ 14న వచ్చింది. పండుగ మళ్లీ తన పువ్వుల దగ్గరికి వచ్చేసింది.

ఇస్లామిక్ క్యాలెండర్‌లో ఈ అధిక మాసం ఉండదు. అందుకే రంజాన్ సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువుల్నీ చుట్టి వస్తుంది. అది లోపం కాదు, ఆ క్యాలెండర్ ఎంచుకున్న పద్ధతే అది. మన చాంద్రమానం రుతువుని వదలకూడదు అనుకుంది, అంతే తేడా.

మరి ఇంత జాగ్రత్తపడినవాళ్లు సంక్రాంతిని ఎందుకు జారనిచ్చారు? ఇక్కడే అసలు కథ ఉంది.

భూమి బొంగరంలా తిరుగుతుంది. బొంగరం తిరుగుతూ తల ఊపుతుంది చూడండి, భూమి కూడా అలాగే చాలా నెమ్మదిగా తల ఊపుతుంది. ఒక్క ఊపు పూర్తవడానికి దాదాపు 26 వేల ఏళ్లు. దీనివల్ల సంవత్సరానికి రెండు కొలతలు వచ్చాయి. నక్షత్రాల్ని గుర్తుగా పెట్టుకుని కొలిస్తే ఏడాది 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు. రుతువుల్ని గుర్తుగా పెట్టుకుని కొలిస్తే 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు. తేడా 20 నిమిషాలే. కానీ 71 ఏళ్లకి అది ఒక రోజు అవుతుంది.

సంక్రాంతి నక్షత్రాల లెక్కతో నడుస్తుంది. మనం గోడకి తగిలించే ఇంగ్లీషు క్యాలెండర్ రుతువుల లెక్కతో నడుస్తుంది. అందుకే మన కళ్లకి సంక్రాంతి జారుతున్నట్టు కనిపిస్తుంది. సూర్యుడు నిజంగా ఉత్తరం వైపు తిరిగేది డిసెంబర్ 22 ప్రాంతంలో. మనం ఉత్తరాయణ పుణ్యకాలం అంటున్నది జనవరి 14న. మధ్యలో దాదాపు 24 రోజుల గ్యాప్. 24ని 71తో గుణించండి, 1700 వస్తుంది. అంటే సుమారు 1700 ఏళ్ల కింద ఈ రెండూ ఒకే రోజు వచ్చేవి.

ఈ సంగతి మన పెద్దలకి తెలీదా అంటే, బాగా తెలుసు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దీని గురించి రాశాడు. పాత శాస్త్రాల్లో ఉత్తరాయణం ధనిష్ఠ దగ్గర మొదలవుతుందని ఉంది, ఇప్పుడు మకరం దగ్గర మొదలవుతోంది, అనుమానం ఉంటే చూసి తేల్చుకోండి అన్నది దాని సారాంశం. గమనించండి, ఆయన పాత గ్రంథాన్ని తిట్టలేదు. దాన్నే పట్టుకుని వేలాడనూ లేదు. ఆకాశం చూసి లెక్క సరిచేసుకున్నాడు.

19వ శతాబ్దానికి వద్దాం. మద్రాసు అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారి అనే ఆయన పనిచేసేవారు. 1867లో ఆర్ రెటిక్యులై అనే చరకాంతి తారని, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని కనిపెట్టారు. ఆయన గట్టిగా వాదించింది ఒకటే: పంచాంగం లెక్క టెలిస్కోపులో కనిపించేదానితో కలవాలి. మాట చెప్పి ఊరుకోకుండా దృగ్గణిత పంచాంగం కూడా వేశారు. ఇప్పటికీ మన ఇళ్లలో పూర్వ పద్ధతి, దృక్ పద్ధతి అని రెండు రకాల పంచాంగాలు ఉన్నాయి. కొన్ని పండుగలు రెండు తేదీల్లో రావడానికి ఒక కారణం ఇదే. పండుగ 18నా 19నా అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో గొడవ, లీవ్ ఏ రోజుకి పెట్టాలో తెలియక ఆఫీసులో తల పట్టుకోవడం మనందరికీ అలవాటే కదా!

స్వాతంత్ర్యం వచ్చాక ఈ తలనొప్పి ఢిల్లీ దాకా వెళ్లింది. దేశంలో అప్పటికి 30 రకాల క్యాలెండర్లు నడుస్తున్నాయి. 1952లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి ఛైర్మన్ మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గర ఒక పల్లెటూళ్లో చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టి, నక్షత్రాల కాంతిని చదవడానికి దారి చూపిన సమీకరణం ఇచ్చిన శాస్త్రవేత్త. 1955లో కమిటీ రిపోర్టు ఇచ్చింది. 1957 మార్చి 22న కొత్త జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. శక సంవత్సరం 1879, చైత్రం 1. ఆ రోజు చూడటానికి సాహా లేరు. 1956 ఫిబ్రవరిలోనే కన్నుమూశారు.

ఆ జాతీయ క్యాలెండర్ రుతువుల లెక్కతో నడుస్తుంది, జారదు. ఆకాశవాణిలో, గెజిట్‌లో ఆ తేదీ వాడతారు. కానీ ఇవాళ శక తేదీ ఎంత అని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం?

పండుగల విషయంలో సాహా కమిటీ ఇంకా జాగ్రత్తగా అడుగేసింది. సంక్రాంతిని తీసుకెళ్లి డిసెంబర్‌లో పెడితే జనం ఒప్పుకోరని వాళ్లకి తెలుసు. అందుకే ఒక రాజీ చెప్పింది. అప్పటికి జారిన 23 డిగ్రీల 15 నిమిషాల్ని అలాగే వదిలేద్దాం, ఇకమీదట జారకుండా అక్కడే ఆపేద్దాం అంది. అంటే పాత బాకీ మాఫీ, కొత్త బాకీ పెరగకూడదు.

ఆ మాట మన పంచాంగాలు పట్టించుకోలేదు. తమాషా ఏంటంటే, మీ ఫోన్‌లో పంచాంగం యాప్ ఉంటే సెట్టింగ్స్‌లో అయనాంశ అనే చోట 'లాహిరి' అని కనిపించొచ్చు. ఆ లాహిరి ఎవరో కాదు, సాహా కమిటీ సెక్రటరీ ఎన్.సి. లాహిరి. వాళ్ల నంబర్ తీసుకున్నాం, జారుడు ఆపమన్న సలహా మాత్రం వదిలేశాం. సగం అప్‌డేట్ ఇన్‌స్టాల్ చేసి ఆపేసినట్టు.

అవతలివాళ్ల వాదన కూడా వినాలి. మకర సంక్రమణం అంటే నక్షత్రాల మధ్య సూర్యుడున్న చోటు, అది ఆకాశంలో నిజంగా జరిగే సంగతి, డిసెంబర్ చలితో దానికేం సంబంధం అంటారు. అందులో న్యాయం ఉంది. కానీ సంక్రాంతి అంటే రాశి మాత్రమేనా? ఇంటికొచ్చిన కొత్త బియ్యం, భోగిమంట దగ్గర చలికాచుకోవడం, ఇవి కూడా కదా! ఇదే లెక్కన ఇంకో 2000 ఏళ్లకి సంక్రాంతి ఫిబ్రవరి రెండో వారంలోకి పోతుంది. మనం చూడం. నిజమే, 1700 ఏళ్ల కిందటివాళ్లు కూడా మన 24 రోజులు చూడలేదు.

నన్నడిగితే నా ఓటు సాహా రాజీకే. సంప్రదాయం మారకూడదు అనేవాళ్లకి ఒకటే గుర్తుచేస్తాను: అధిక మాసం కూడా ఒకప్పుడు ఎవరో చేసిన దిద్దుబాటే. ఆ దిద్దుబాటు లేకపోతే బతుకమ్మకి పువ్వులుండేవి కావు.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, మన ఇంట్లో చూసేది పూర్వ పద్ధతి పంచాంగమా, దృక్ పద్ధతి పంచాంగమా అని. ఆ జవాబుతో పాటు మీ ఇంటి పాత సంగతులు కూడా నాలుగు బయటికొస్తాయి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.