ఇంట్లో కుట్టిన గ్లౌజులు - లెక్కలోకి రాని గంటలు

చలికాలం వస్తే మనం మంకీ క్యాపులు, మఫ్లర్లు బయటికి తీస్తాం. కొన్నాళ్ళ చలికి అవి చాలు. మంచు కురిసే దేశాల్లో అలా కాదు. గ్లౌజులు, ఉన్ని టోపీ లేకుండా గడప దాటలేరు. వాటిని కుట్టడం, అల్లడం అక్కడి ఆడవాళ్ళకు ఎన్నో ఏళ్ళు ఇంటిపట్టున దొరికిన కూలిపని. ఆ చరిత్రలో మన సంఘాల అక్కచెల్లెళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో గ్లోవర్స్‌విల్ అనే ఊరుంది. గ్లౌజుల పని మీదే బతికిన ఊరు కాబట్టి 1828లో ఆ పేరు పెట్టారు. తోలు కత్తిరించే పని మగవాళ్ళది, దాన్ని షాపులో చేసేవాళ్ళు. కత్తిరించిన ముక్కలు ఇళ్ళకు పంపితే ఆడవాళ్ళు వంట, పిల్లల పని చూసుకుంటూనే వేళ్ళూ బొటనవేలూ అతికి కుట్టి ఇచ్చేవాళ్ళు. కూలి గంటల లెక్కన కాదు, కుట్టిన సరుకు లెక్కన.

1938లో అమెరికా కనీస వేతన చట్టం తెచ్చింది. గంటకు 25 సెంట్లు, అంటే పావు డాలరు. ఫ్యాక్టరీలో గడియారముంది, హాజరు పుస్తకముంది. ఇంట్లో గంటలు రాసేదెవరు? అవి తెలియకపోతే కూలి సరిగా వచ్చిందో లేదో తేల్చేదెలా? అందుకే 1940ల మొదట్లో ఏడు రకాల పనులు ఇళ్ళకు ఇవ్వకూడదని ప్రభుత్వం ఆపేసింది. గ్లౌజులు, ఉన్ని అల్లికలు, చేతిరుమాళ్ళు, ఎంబ్రాయిడరీ అందులో ఉన్నాయి.

దాదాపు నలభై ఏళ్ళకు వెర్మాంట్ రాష్ట్రంలో గొడవ లేచింది. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు ఇంట్లో ఉన్ని టోపీలు, స్వెట్టర్లు అల్లి వ్యాపారులకు ఇస్తుంటే చట్టం ఒప్పుకోదని అధికారులు అడ్డుపడ్డారు. మా ఇంట్లో మా పని చేసుకోనివ్వండని అల్లేవాళ్ళు అడిగారు. ఇంటిపనికి దారి తెరిస్తే అందరి కూలీ పడిపోతుందని కార్మిక సంఘాలు వాదించాయి. 1981లో ప్రభుత్వం ఉన్ని అల్లికల మీద నిషేధం తీసేస్తే, కార్మిక సంఘం కోర్టుకెళ్ళి 1983లో గెలిచింది. చివరికి 1984లో ఒక మధ్యేమార్గం దొరికింది. పనిచ్చేవాళ్ళు సర్టిఫికెట్ తీసుకోవాలి. పనిచేసే మనిషి గంటలు పుస్తకంలో రాయాలి. పీసు రేటు ఎంతైనా గంటకు కనీస వేతనం గిట్టాలి. గ్లౌజుల మీద నిషేధం కూడా 1989లో తొలగింది.

రెండు వైపులా న్యాయముంది. ఇంటిపని ఆగిపోతే రాబడి పోయేది ఆడవాళ్ళకే. లెక్కలేని ఇంటిపనిలో మోసపోయేదీ ఆడవాళ్ళే.

ఇది పరాయి దేశం ముచ్చటే కాదు. మన నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళ గురించి జర్మనీ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో పుస్తకం తెచ్చారు. వాళ్ళ లేసు విదేశాలకు పోతున్నా, వాళ్ళను కార్మికులనకుండా తీరిక వేళ అల్లుకునే గృహిణులని అనేవారని అందులో చూపించారు. తీరిక పని అని పేరు పెడితే కూలి తగ్గించడం తేలిక. ఇంటిపని చేసేవాళ్ళూ కార్మికులేనని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో మొదలుపెట్టిన ‘సేవ’ దానికోసం గట్టిగా పోరాడింది. మన దేశం ఆ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు.

కాబట్టి టోపీలకో, మఫ్లర్లకో, సంచులకో ఆర్డరు వస్తే ముందు ఒక పీసు కుట్టి గడియారం చూసుకుందాం. పీసుకు 10 రూపాయలిస్తామన్నారనుకోండి. దారం, కరెంటు, మిషను రిపేరు కింద 2 రూపాయలు పోతాయి. గంటకు నాలుగు పీసులైతే చేతికొచ్చేది 32 రూపాయలే. ఆ లెక్క చేతిలో ఉంటేనే రేటు పెంచమని అడగగలం. పొదుపు, అప్పు, వడ్డీ రాసుకునే సంఘం పుస్తకంలో ఇకనుంచి గంటలకూ ఒక గడి గీసుకుందాం.