మెడలో చెక్క, చేతిలో కాయితం

1858 మార్చి 10న సెమిరామిస్ అనే ఓడ 200 మంది ఖైదీలను తెచ్చి అండమాన్‌లో దించింది. వాళ్లు మొదట కాలు పెట్టింది చాతం దీవిలోనే. వెంట వచ్చిన సూపరింటెండెంట్ డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్‌కు ఇక్కడ మంచినీళ్లు చాలవని త్వరలోనే తెలిసింది, మకాం రాస్ దీవికి మార్చాడు. అంతకు ముందు 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వేసిన స్థావరం కూడా చాతంలోదే. అదీ నిలవలేదు. మూడేళ్లకే ఉత్తరానికి తరలించారు, అక్కడ జ్వరాలకు తట్టుకోలేక 1796లో మొత్తం ఎత్తేశారు. నీళ్లు లేని ఈ చిన్న దీవిలో గట్టిగా వేళ్లూనింది ఒక్కటే. 1883లో అటవీ శాఖ పెట్టిన సామిల్లు.

మా నాన్న టెక్కలి దగ్గరి పల్లె నుంచి వైజాగ్‌లో ఓడెక్కి వచ్చి ఆ మిల్లు లాగ్ యార్డులో కూలీగా చేరాడు. నేను హ్యాడోలో పుట్టాను. అక్కడి నుంచి చిన్న వంతెన దాటితే చాతం. నేను లెక్కలు రాసి బతికేదాన్ని, చరిత్రకారిణిని కాను. ఒక పాత యజమాని నా గురించి రాసిన రెండు వాక్యాల పుణ్యాన, మనిషి నడవడిని కాయితం మీద పెట్టే అలవాటు ఈ రేవుకు ఎప్పటి నుంచి ఉందో వెతుక్కోవలసి వచ్చింది. వెతికితే అది ముందు కాయితం కానే కాదని తేలింది. చెక్క.

ఇక్కడి ఖైదీ మెడకు ఒక ఇనుప కడియం ఉండేది. దానికి చిన్న చెక్క బిళ్ల వేలాడేది. బిళ్ల మీద ఖైదీ నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల కావలసిన తేదీ. వీటికి తోడు కొన్ని గుర్తులు. ‘ఎల్’ అంటే యావజ్జీవం. నక్షత్రం అంటే అదే కేసులో తోటి ముద్దాయిలు ఉన్నారని, వాళ్లతో కలవనివ్వద్దని. ‘డి’ అంటే నమ్మదగని మనిషి, ఓ కన్నేసి ఉంచమని. 1911లో వచ్చిన సావర్కర్ బిళ్ల మీద విడుదల సంవత్సరం 1960 అని ఉండేది. ఏ తప్పుకు వచ్చాడు, ఎన్నాళ్లుంటాడు అన్నవి కోర్టు తేల్చిన సంగతులు. ‘డి’ మాత్రం ఒక అభిప్రాయం. అయినా అన్నీ ఒకే చెక్క మీద ఉండేవి. నన్నడిగితే మొత్తం తిరకాసు అక్కడే ఉంది.

ఆ అభిప్రాయం మీదే బతుకంతా నడిచేది. 20వ శతాబ్దం మొదట్లో పద్ధతి ఇలా ఉండేది. వచ్చినవాడు మొదటి ఆరు నెలలు సెల్యులార్ జైలులో ఒంటరి గదిలో. తర్వాత ఏడాదిన్నర మరో జైలులో నలుగురితో కలిసి. ఆపైన మూడేళ్లు బారకాసుల్లో ఉంటూ బయట చాకిరీ, కూలీ ఏమీ లేదు. తర్వాతి ఐదేళ్లలో కొంచెం తేలిక పనులు, చిన్న అజమాయిషీ ఉద్యోగాలు, చేతిలో పడే నాలుగు డబ్బులు. పదేళ్లు సజావుగా గడిస్తే టికెట్ ఆఫ్ లీవ్. అది చేతికొస్తే ఊళ్లో ఇల్లు కట్టుకోవచ్చు, భూమి సాగు చేసుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. దీవి మాత్రం దాటకూడదు. మెట్టు మెట్టుకీ పైవాడు రాసే మాట కావాలి. ఒక వార్డరుకు కోపం వస్తే మెట్టు జారేది. వాడి మాట తప్పని చెప్పుకోవడానికి ఖైదీకి దొరికే చోటు మళ్లీ ఆ వార్డరు పైఅధికారి ముందే.

మంచి మాట అన్నిసార్లూ నిజమవుతుందా అంటే, అదీ కాదు. చాతం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కితే ఎదురుగా పచ్చటి కొండ కనిపిస్తుంది. మొన్నమొన్నటి దాకా దాని పేరు మౌంట్ హేరియట్, 2021లో మౌంట్ మణిపూర్ అయింది. దాని కాళ్ల దగ్గరే హోప్‌టౌన్. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం, కొండెక్కి సూర్యాస్తమయం చూసి దిగి వస్తున్న వైస్రాయి లార్డ్ మేయోను ఆ హోప్‌టౌన్ రేవు దగ్గర షేర్ అలీ అనే పఠాన్ ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. షేర్ అలీ చరిత్ర చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పంజాబులో పోలీసు కొలువులోనూ, పెషావరులో దొరల దగ్గరా నమ్మకంగా పనిచేశాడని పేరు. 1867లో బంధువును చంపిన కేసులో ఉరిశిక్ష పడితే, ఆ పాత సేవలు చూసే దాన్ని ద్వీపాంతరవాసంగా తగ్గించారు. ఇక్కడికొచ్చాకా నడవడి మంచిదనే రాశారు, నమ్మి మంగలి పని ఇచ్చారు. అంటే మొత్తం సెటిల్‌మెంటులో పద్దు బాగున్నవాళ్లలో అతనొకడు. మార్చి 11న వైపర్ దీవిలో ఉరి తీశారు. ఆ తర్వాత కాపలాలు పెరిగాయి, కట్టుబాట్లు బిగిశాయి. నడవడి రాసే పుస్తకాలు మాత్రం ఎప్పటిలాగే సాగాయి, పుస్తకాన్ని ఎవరు అనుమానిస్తారు!

మిల్లు సంగతికొస్తాను. మొదట్లో దాన్ని నడిపింది ఖైదీల చేతులే. అడవిలో నరికిన పడాక్, గర్జన్ దుంగలను ఏనుగులు ఒడ్డుకు లాగేవి, అక్కడి నుంచి తెప్పలుగా కట్టి సముద్రం మీద చాతానికి తెచ్చేవారు. నాన్న రోజుల్లోనూ దుంగ యార్డులోకి రాగానే మొదలు చేసేది కొలత. పొడవు, చుట్టుకొలత, జాతి, నంబరు. కోసిన ముఖం మీద సుత్తి ముద్ర. తర్వాత గ్రేడింగ్. తొర్ర ఉందా, పగులుందా, ముడి ఎక్కడ పడింది. గ్రేడరు సుద్దముక్కతో సున్నా చుట్టి చూపించేవాడట. కాదనేవాడు దగ్గరికొచ్చి వేలు పెట్టి చూసుకోవచ్చు.

ఇక్కడ యుద్ధం గురించి ఎక్కువ రాయను. జపాన్ బాంబు పడిన గుంట ఇప్పటికీ మిల్లు ఆవరణలో ఉంది, పక్కన మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్లంతా దాని ముందు ఫోటో దిగుతారు. 1942 నుంచి 1945 దాకా జపాన్ ఏలుబడి, ఆ తర్వాత బ్రిటిష్‌వాళ్లు తిరిగొచ్చి ఖైదీల వ్యవస్థనే రద్దు చేశారు. చేతులు కావాలి, ఖైదీలు లేరు. ఛోటానాగ్‌పూర్ కూలీలు రాంచీలోని కాథలిక్ లేబర్ బ్యూరో ద్వారా వచ్చారు. వాళ్లకు చర్చి పూచీ. మన శ్రీకాకుళం, విశాఖ జనానికి అలాంటి ఆఫీసేమీ లేదు. ముందొచ్చిన ఊరివాడో, మేస్త్రీయో, మేనమామో ‘మావోడే బాబూ’ అంటే అదే పూచీ. నాన్నకు ఉద్యోగం అలాగే వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 50 వేల పైచిలుకు, అంటే నూటికి 13 మంది. అందులో ఎంతమంది ఆ ఒక్క మాట మీద ఓడెక్కారో ఏ లెక్కలోనూ ఉండదు. ఆ మాటలో ఒక సుఖం ఉండేది. చెప్పినవాడు ఎదురుగా ఉండేవాడు. వాడి మాట తప్పైతే వాడి పరువూ పోయేది.

నా సంగతి చెప్తాను. పట్నంలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. డీజిల్ బిల్లుల్లో తేదీలు మార్చి రాయమంటే రాయనన్నాను. మాటా మాటా పెరిగింది, మానేశాను. ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే ఇచ్చారు. ‘పని తెలుసు గానీ నడవడి సంతృప్తికరం కాదు. డబ్బు వ్యవహారాలు అప్పగించేటప్పుడు జాగ్రత్త అవసరం.’ లెక్కలు రాసేదాని మీద ఆ రెండో వాక్యం చాలు, ఇక మెడలో చెక్క అక్కర్లేదు. కొత్తగా చేరబోయే చోట ఆ కాయితం చూపించలేదు. వాళ్లే పాత ఆఫీసుకు ఫోన్ చేశారు. ఏం విన్నారో నాకు చెప్పలేదు, మళ్లీ పిలవనూ లేదు.

మెడలోని చెక్కకు కనీసం ఒక మంచి గుణం ఉంది. మోసేవాడికి అది కనిపించేది. ఫోనులో నా మెడకు ఏ అక్షరం వేలాడదీశారో నాకు కనిపించలేదు.

నాన్న ఆ కాయితాన్ని నాచేత చదివించుకుని విన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘దుంగలో తొర్రుందంటే గ్రేడరు సూపించాల. సూపించకండా రాత్తే కాంట్రాట్రు ఒప్పుకుంటాడేటి? నువ్వూ సూపించమనడుగమ్మా,’’ అన్నాడు.

అడిగాను. నోటితో కాదు, రిజిస్టర్డ్ పోస్టులో. ఏ తేదీన, ఏ లెక్కలో, ఎంత తేడా వచ్చిందో చెప్పండి, లేకపోతే ఆ వాక్యాలు తీసేసి ఉత్తరం మళ్లీ ఇవ్వండి అని. ఈలోగా చట్టం ఏం చెబుతుందో చదివాను. కార్మికుడు మానేసినా, తీసేసినా, రిటైరైనా సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలని, 2025లో రద్దయిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద మాదిరి నిబంధనల్లో ఉండేది. అయితే ఆ చట్టం వర్తించేది 100 మందీ అంతకు మించీ ఉన్న చోట్లకు. మా ఆఫీసులో కుర్చీలన్నీ లెక్కేసినా అంతమంది లేరు. మరి పరువు నష్టం? మెకాలే ముసాయిదాతో మొదలై 1860లో చట్టమైన శిక్షాస్మృతి, 499వ సెక్షనులో ఆ నేరం చెబుతూనే మినహాయింపులు పెట్టింది. తన ప్రయోజనమో ఇంకొకరి ప్రయోజనమో కాపాడడానికి, సదుద్దేశంతో ఒకరి నడవడి గురించి చెడ్డ మాట చెబితే తప్పు కాదంటుంది తొమ్మిదో మినహాయింపు. దుకాణదారు తన గుమాస్తాతో, ఫలానా అతనికి నగదు పుచ్చుకోకుండా సరుకు ఇవ్వకు అనడం దానికి ఉదాహరణ. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను. నిజాయితీగా చెడ్డ మాట చెప్పే యజమానికి రక్షణ ఉండడం న్యాయమే, కాదనను. దొంగలెక్కలు రాసినవాడి గురించి తర్వాతి యజమానికి తెలియాలి కదా. కక్షతో చెప్పినవాడికి ఆ నీడ లేదు. కాకపోతే అది కక్ష అని రుజువు చేయడానికి అసలు ఏం చెప్పారో తెలియాలి.

సర్కారు కొలువుల్లో ఈ ముడి ఎలా విడిందో చూస్తే దారి కనిపిస్తుంది. అక్కడ ఏటా పైఅధికారి రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ఉండేది. పేరే రహస్యం. మరీ చెడ్డగా రాస్తే తెలియజేయాలని 1979లో గురుదయాళ్ సింగ్ ఫిజ్జీ కేసులో సుప్రీంకోర్టు అంది. దాంతో చాలామంది చెడ్డగా రాయడం మానేసి ‘గుడ్’ అని రాయడం నేర్చుకున్నారు. ‘వెరీ గుడ్’ కావలసిన చోట ‘గుడ్’ అంటే గొంతు కోయడమే. సరిహద్దు రోడ్ల సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దేవ్ దత్‌కు 1993-94లో పడింది ఆ ‘గుడ్’. ఆ సంగతి అతనికి చెప్పనేలేదు, ప్రమోషన్ పోయింది. 2008 మే 12న సుప్రీంకోర్టు, మంచైనా చెడ్డైనా ప్రతి మాటా ఉద్యోగికి చూపించాలి, జవాబు చెప్పుకోనివ్వాలి అని తీర్పు ఇచ్చింది. మరుసటేడు మే 14న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. రిపోర్టు మొత్తం ఉద్యోగి చేతికివ్వాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు గడువు. చాతం రేవులో మొదటి ఖైదీ దిగిన 150 ఏళ్లకు, తన మీద రాసింది చదువుకునే హక్కు కొలువు చేసేవాడికి దక్కింది. అదీ సర్కారు కొలువైతేనే.

ప్రైవేటువాళ్ల సంగతి వేరు. 2002 మే 7న సుప్రీంకోర్టు ఈ దీవుల సహజ అడవుల్లో చెట్లు నరకడం మీద కట్టుబాట్లు పెట్టాక ప్రైవేటు కలప మిల్లులు మూతపడ్డాయి. అడవికి అది మేలే చేసింది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ మా వీధిలో ఒక పెద్దాయన ఏళ్ల తరబడి బ్యాండ్ సా మీద పనిచేసి, ఆ సంగతి రాసిచ్చే దిక్కు లేక కొత్త చోట హెల్పరుగా మొదలుపెట్టాడు. చెడ్డ మాట రాసే యజమాని ఒక బాధ. ఏ మాటా రాయడానికి యజమానే లేకపోవడం మరో బాధ.

నా ఉత్తరానికి జవాబు రాలేదు. ఇంకోటి పంపాను, నకలు ఒక వకీలుకు చూపించానని అందులో రాశాను. అప్పుడు వచ్చింది, ఒక్క పేరా. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా. క్షమాపణ లేదు, నాకూ అక్కర్లేదు. పోయిన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు చేస్తున్నది ఒక పాత ఆడిటరు నా లెక్కలు స్వయంగా చూసినవాడు కాబట్టి, అతని మాట మీద దొరికింది. నాన్నకు నాడు మేస్త్రీ మాట దొరికినట్టే.

ఇది చదివేవాళ్లలో నలుగురికి పని ఇచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి అడుగుతున్నాను. వెళ్లిపోయేవాళ్లకు ఆ మూడు సంగతులూ రాసివ్వండి. అంతకు మించి రాయాలనిపిస్తే ముందు వాళ్లకు చూపించి, వాళ్ల జవాబు కూడా దానికి జతచేయండి. పనిచేసేవాళ్లకు చెప్పేది రెండు మాటలు. సర్వీసు సర్టిఫికెట్‌ను మానేసే రోజే, తాళాలూ ఫైళ్లూ అప్పగించేటప్పుడే అడిగి తీసుకోండి. ఉత్తరాలు పంపిన పోస్టు రసీదులు పారేయకండి.