చెవిలో చెప్పిన చరిత్ర

మా అమ్మకీ నాకూ మధ్య ఒక తగువుంది. అది 1984లో మొదలైంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది గానీ తగువు మాత్రం మొన్న మొన్నటి దాకా అలాగే ఉంది.

ఆ ఏడు వేసవిలో మా అన్నయ్య ఉద్యోగపు ఊరి నుంచి నిమ్మాడకి టేప్ రికార్డరు పట్టుకొచ్చేడు. ఇల్లంతా తిరనాళ్ళే! అమ్మచేత పెళ్ళిపాటలు పాడించేడు. అమ్మ సిగ్గుపడుతూనే అరగంట పాడింది. నేను ఆ పెట్టెలో చక్రాలు తిరగడం చూస్తూ కూచున్నాను. ఈలోగా పొయ్యిమీద పాలు పొంగి నేలపాలయ్యేయి.

"పాలు సూడమని సెప్పేనా లేదా?" అంది అమ్మ.

"చెప్పలేదు" అన్నాను నేను.

అంతే. అక్కణ్ణుంచి పండక్కి కలిసినా, పురుడుకి వచ్చినా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తకుండా ఉండేవారు కాదు. చెప్పేనని ఆవిడ, చెప్పలేదని నేను.

ఆ కేసెట్లు ఉద్దానంలో మా అక్క దగ్గర రేకు డబ్బాలో ఉండేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ కూలిపోయేయి, అక్కావాళ్ళ ఇంటి కప్పు లేచిపోయింది. కేసెట్లన్నీ తడిసి ముద్దయ్యేయి. అడుగున గుడ్డలో చుట్టి ఉన్నది ఒక్కటే దక్కింది. చూస్తే అమ్మ పాటలది! దాన్ని టెక్కలి తీసుకెళ్ళి కంప్యూటరులోకి ఎక్కించుకొచ్చేను.

తీరా ఫోనుతో పాటు వచ్చిన సన్నతీగల ఇయర్‌ఫోన్ లాప్‌టాప్‌కి తగిలించి వింటే, అమ్మ గొంతు వెనక తేనెటీగల పట్టు కదిపినట్టు ఒకటే రొద. మౌసు కదిపితే రొద కూడా కదిలేది. పాట తెలుస్తోంది, పాటకీ పాటకీ మధ్య అమ్మ పక్కకి తిరిగి అన్న మాటలు తెలియడం లేదు. నాకు కావలసినవేమో ఆ మాటలే.

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుణ్ణి అడిగితే, "అత్తా, దానికి వేరే డాక్ ఉండాలి, ఆంప్లిఫయర్ ఉండాలి. మంచివి పన్నెండు వేలకి వస్తాయి" అన్నాడు. మావారు పేపరు దించకుండానే, "ఆ డబ్బుతో పలాస జీడిపప్పు కొంటే చుట్టాలందరికీ పంచొచ్చు" అన్నారు.

నేను పాతికేళ్ళు బడిలో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. పెళ్ళి సంబంధం వస్తే మూడు తరాలు అడుగుతాం కదా, పన్నెండు వేల వస్తువుకి వంశం అడగొద్దూ? అడిగేను. తెలిసినదేమిటంటే, ఈ వంశంలో మొదటి నుంచీ ఆడవాళ్ళూ వంటిళ్ళూ ఉన్నాయి.

హెడ్‌ఫోన్ తీగ చివర పిన్ను చూడండి. దాని తాతగారు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పుట్టేడు. 1878లో అమెరికాలో ఎక్స్చేంజీలు మొదలైనప్పుడు, ఒకరి తీగని ఇంకొకరి తీగతో కలపడానికి పావు అంగుళం పిన్ను వాడేవారు. ఆ పని ముందు మగపిల్లలకిచ్చేరు. వాళ్ళు ఫోన్ చేసినవాళ్ళతో పెంకిగా మాట్లాడితే విసిగిపోయి, ఆ ఏడు సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిణ్ణి పెట్టుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. ఆ పావు అంగుళం పిన్నే చిక్కి చిక్కి ఇప్పటి మూడున్నర మిల్లీమీటర్ల పిన్నయింది.

ఇక తలకి తగిలించుకునే భాగం. 1910 ప్రాంతంలో యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింటి బల్లమీద చెవులకి పెట్టుకునే జత ఒకటి తయారుచేసి అమెరికా నౌకాదళానికి పంపేడు. వాళ్ళు విని ముచ్చటపడి ఇంకా కావాలన్నారు. ఆయన, ఒకసారికి పది కన్నా చెయ్యలేనన్నాడట. వంటింట్లో మరి ఎన్నవుతాయి? ఆ బల్లమీద కూరలు తరగాలా, హెడ్‌ఫోన్లు చెయ్యాలా!

తర్వాత రేడియో వచ్చింది. మొదటి రేడియోల్లో కొన్నిటికి కరెంటే అక్కర్లేదు. సీసపు ఖనిజం గెలీనా ముక్కమీద సన్నతీగ ఆనిస్తే చాలు, గాలిలో వచ్చే తరంగం చెవిలో మాటయ్యేది. గెలీనాతో తరంగాల్ని పట్టే పద్ధతికి 1904లో అమెరికాలో పేటెంటు పొందింది మన జగదీశ్ చంద్ర బోసే. మద్రాసులో సి. వి. కృష్ణస్వామి చెట్టి గారూ మిత్రులూ 1924లో రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు మొదలెట్టేరు. అప్పుడు మా టెక్కలి ప్రాంతం గంజాం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కానీ ఆ చిన్న యంత్రం గొంతు ఇంత దూరం వచ్చేది కాదు. డబ్బు చాలక 1927లో క్లబ్బు ఆ పని మానుకుంది.

ఇక్కడొక సంగతి గమనించండి. కరెంటు లేని ఆ రేడియోలో శక్తి చీమ తలంత. దాన్ని వృథా చెయ్యకూడదని వాటి హెడ్‌ఫోన్లని రెండువేల ఓమ్‌ల నిరోధంతో చేసేవారు. ఇప్పుడు మనం కొనే మామూలువాటికి 16 నుంచి 32 ఓమ్‌లే ఉంటాయి, వాటిని మోగించడానికి చిన్న చిప్పు చాలు. స్టూడియోల్లో వాడే 250, 300 ఓమ్‌ల రకానికే విడిగా ఆంప్లిఫయర్ అవసరం రావచ్చు. అంటే మా మేనల్లుడు చెప్పిన రెంటిలో ఒకటి నాకు అక్కర్లేదు. వంశం అడిగిన లాభం ఇదీ!

లౌడ్‌స్పీకరు వచ్చేక హెడ్‌ఫోన్ అటకెక్కింది. 1938లో ఆకాశవాణి మద్రాసు, 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్నం కేంద్రాలు వచ్చేయి. రేడియోకి లైసెన్సు కట్టే రోజులవి. రేడియో ఉన్న ఇంటి అరుగుమీద వీధి వీధంతా కూచునేది. రాత్రివేళ మీడియం వేవ్ దూరం పోతుంది కాబట్టి, ముల్లు కాస్త కదిపితే కటకం నుంచి ఒరియా పాటలు కూడా వినిపించేవి. వినడమంటే అప్పుడు పదిమందితో కలిసి వినడమే.

మళ్ళీ ఒంటరిగా వినడం నేర్పినవాడు మిల్వాకీకి చెందిన జాన్ కాస్. ఆస్పత్రులకి టీవీలు అద్దెకిచ్చే వ్యాపారం ఆయనది. 1958లో ఒక గ్రామఫోను అమ్ముదామని, దాని గొప్ప చూపించడానికి స్టీరియో హెడ్‌ఫోన్ జత పెట్టేడు. జనం గ్రామఫోను వదిలేసి హెడ్‌ఫోన్ అడిగేరు! పట్టుచీరని చూడ్డానికొచ్చి జాకెట్టు గుడ్డ కొనుక్కెళ్ళడమంటే ఇదే. 1979లో సోనీవాళ్ళు వాక్‌మన్ తెచ్చేరు. మొదటి వాక్‌మన్‌కి ఇద్దరు వినేందుకు రెండు కన్నాలుండేవి. ఒంటరిగా వినడం మర్యాద కాదేమోనని భయపడ్డారు కాబోలు.

ఇక కంప్యూటరు. 1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చిన నాటి నుంచీ శబ్దం అంకెలుగా మారింది, సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసిన అంకెలు. వాటిని తిరిగి కరెంటు అలగా మార్చేదే డాక్. మొదట్లో కంప్యూటరుకి బీప్ అనడం తప్ప పెద్దగా ఏమీ రాదు. 1989లో సింగపూరు కంపెనీ క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు దానికి గొంతిచ్చింది. తర్వాత్తర్వాత ఆ పనిని ఖర్చు కలిసొస్తుందని ప్రధాన బోర్డుమీదే ఒక మూల చిప్పుకి అప్పగించేరు. చిక్కంతా అక్కడుంది. పక్కనే ప్రాసెసరూ, ఫేనూ, చార్జరు కరెంటూ గోలచేస్తూంటే పాపం ఆ చిప్పు ఏం చేస్తుంది? సంతలో కూచుని తంబురా శ్రుతి చేసినట్టే. నా తేనెటీగలు అవే.

మరి ఆ చిప్పుని సంతలోంచి బయటికి తెస్తే? తెచ్చేరు, వేరే కారణానికి. 2016 నుంచి పెద్ద కంపెనీల ఫోన్లలో హెడ్‌ఫోన్ కన్నం తీసేయడం మొదలైంది. పాత హెడ్‌ఫోన్లవాళ్ళు గోల పెట్టకుండా బెత్తెడు తీగ ఒకటి అమ్మసాగేరు. యూఎస్‌బీ కన్నంలో పెట్టే ఆ తీగ ముక్కల్లో చాలావాటిలో డాక్ ఉంటుంది, చిన్న ఆంప్లిఫయరూ ఉంటుంది. ఆ రకం తీగ లాప్‌టాప్‌కీ దొరుకుతుంది. కొన్న వందల రూపాయలతో పని అయిపోతుంది.

అయితే నేను తీగ ముందు కొనలేదు. డబ్బు ముందు పెట్టవలసింది హెడ్‌ఫోన్ మీద. గొంతులో తేడా ఎక్కువ తెచ్చేది అదే. మా ఇల్లు జాతీయ రహదారి పక్కన, లారీల మోత ఎప్పుడూ ఉండేదే. అందుకని చెవి చుట్టూ మెత్తగా మూసుకునే రకం, 32 ఓమ్‌లది తీసుకున్నాను. పెట్టుకుని వింటే అమ్మ గొంతు దగ్గరికొచ్చింది. రొద కూడా దగ్గరికొచ్చింది! మంచి అద్దంలో ముఖంమీద మచ్చలు కూడా బాగా కనిపిస్తాయి కదా. చార్జరు తీసి చూస్తే రొద కొంత తగ్గింది గానీ, మా ముసలి లాప్‌టాప్ పది నిమిషాలకే కళ్ళు మూసింది. అప్పుడు తెప్పించేను ఆ తీగ ముక్క. రెండూ కలిపి రెండు వేలు దాటలేదు.

తీగ తగిలించేను. తేనెటీగలు లేచిపోయేయి. టేపు మీది 'స్స్' మాత్రం అలాగే ఉంది. అది కేసెట్‌లోనే ఉన్నది, ఏ డాకూ తీయలేదు. పన్నెండు వేలు పెట్టినా టేపుమీద లేని అమ్మ గొంతుని తేలేదు. మంచి పరికరం పాటకి ఏదీ కలపదు. కలపకపోవడమే దాని మంచితనం. ఇంత తెలిసేక ఎక్కువ డబ్బు పెట్టడానికి చెయ్యి రాదు. అన్నట్టు, రొద పోయేక శబ్దం తగ్గించి పెట్టుకోవచ్చు. వారానికి 40 గంటలు వినేవాళ్ళు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రొదని మింగాలని శబ్దం పెంచేవాళ్ళమే మనమందరం.

అమ్మ మూడో పాట ముగించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకున్న చప్పుడు. అన్నయ్య ఏదో అన్నాడు. తర్వాత అమ్మ పక్కకి తిరిగి, గొంతు తగ్గించి అంది:

"ఓలే గుంటా, పొయ్యికాడ పాలు సూడే."

టేపు వెనక్కి తిప్పినట్టు నాలుగుసార్లు విన్నాను. చెప్పింది. స్పష్టంగా చెప్పింది. నేనే వినలేదు.

వంటింట్లోకి వెళ్ళేను. పొయ్యిమీద పాలున్నాయి. పొంగేదాకా అక్కడే నిలబడి చూసేను.